శేషారత్నం కొట్టిన రెండో మేకు

పారేసిన వస్తువు కనపడితే శేషారత్నం చెయ్యి ఊరుకోదు. కూరగాయలకని కృష్ణానగర్ సందుల్లోకి బయల్దేరిన మనిషి, సంచీలో వంకాయలతో పాటు సోడా మూతలూ, సిగరెట్ పెట్టెల్లోని తళుకు కాగితాలూ, ఆటో సీట్లు కుట్టే షాపు ముందు పడున్న రెక్సిన్ ముక్కలూ, ఎవరి పెళ్ళిదో తెలియని శుభలేఖా వేసుకుని తిరిగొచ్చేది. వంకాయలు మర్చిపోయిన రోజులూ లేకపోలేదు. ఆ పూట భర్త బసవపున్నయ్య పచ్చడి మెతుకులు తింటూ, గుమ్మం పక్కన పెరుగుతున్న సోడా మూతల గుట్టకేసి చూసేవాడు గానీ నోరెత్తేవాడు కాదు. మంచి మనిషి. నోరెత్తినా లాభం లేదని తెలిసిన మనిషి కూడా.

ఆవిడది బందరు పక్కన చిలకలపూడి. గిల్టు నగలు చేసే ఇంట్లో పుట్టింది. రాగి మీద బంగారు రంగు ఎలా నిలబెట్టాలో, గాజు ముక్కని కెంపులా ఎలా నమ్మించాలో లంగాలు కట్టే వయసులోనే చూసి నేర్చేసుకుంది. నేర్చుకుందే గానీ, ఆ ఇంట్లో కొలిమి దగ్గర కూర్చునేది అన్నదమ్ములు. ఆడపిల్లల పని నగలకి మెరుగు పెట్టడం, దారానికి గుచ్చడం, అట్టపెట్టెల్లో సర్దడం. ఒకసారి ఎవరూ లేనప్పుడు కొలిమి ముందు కూర్చుని జడ కొస కాల్చుకుంది. తిట్లు బాగానే పడ్డాయి, ఆ తిట్లన్నీ జడ గురించే.

బసవపున్నయ్య సినిమా సెట్లు వేసే వడ్రంగి. ఎనభైల్లో సినిమావాళ్ళు మద్రాసు నుంచి ఒక్కొక్కరే హైదరాబాదుకి మకాం మారుస్తుంటే వాళ్ళ వెనకాల సుత్తులూ రంపాలూ కూడా రైలెక్కాయి. ఆ సుత్తుల వెనకాల ఇతనూ, ఇతని వెనకాల శేషారత్నం, ఆవిడ వెనకాల రెండు ట్రంకు పెట్టెలూ వచ్చి ఎల్లమ్మ ఇంట్లో ఒంటి గదిలో దిగారు. ఎల్లమ్మకి సందు మొగలో ఇడ్లీ బండి. ఇంటి ఓనరమ్మే అయినా శేషారత్నానికి అక్కే.

"గిదేంది రత్నమ్మా, గీ కచరా అంత ఇంట్ల వెట్టుకుంటే మనుషులు ఏడ పండుతరు?" అనేది ఎల్లమ్మ నెలకోసారి.

"దసరా రానివ్వండక్కా, చెబుతాను," అనేది శేషారత్నం.

దసరా వస్తే ఆ కచరా అంతా దేవలోకం అయిపోయేది. బియ్యం డబ్బాలూ, కిరసనాయిలు డబ్బాలూ మెట్లుగా పేర్చి, పెళ్ళినాటి పట్టుచీర పరిచి బొమ్మల కొలువు పెట్టేది. కొన్న బొమ్మ ఒక్కటీ ఉండేది కాదు. ఒక ఏడాది స్వర్గంలో షూటింగు పెట్టింది. పౌడరు డబ్బాతో కెమెరా చేసి నారదుడి చేతికిచ్చింది. బ్రహ్మగారికి నాలుగు చేతులున్నాయి కదా అని ఒక చేతిలో క్లాప్ బోర్డు పెట్టింది. లక్ష్మీదేవిని తామర పువ్వు మీద నుంచి దింపి ఫిల్ము రీలు డబ్బా మీద కూర్చోబెట్టింది. కృష్ణానగర్‌లో ఉండే గ్రూప్ డాన్సర్లూ, జూనియర్ ఆర్టిస్టులూ మేకప్పు కూడా కడుక్కోకుండా వచ్చి, శనగలు నములుతూ, ఇంద్రుడి ముఖం ఫలానా మేనేజర్‌లా ఉందని పడీ పడీ నవ్వారు. ఇంద్రుడి ముఖం నిజానికి కొబ్బరి చిప్ప.

అలాంటి మనిషి ఇంటికి ఒక సాయంత్రం బసవపున్నయ్య ముఖం వేలాడేసుకుని వచ్చాడు. ఫిల్మ్ నగర్ స్టూడియోలో జానపద సినిమా ఒకటి తీస్తున్నారు. మర్నాడు పొద్దున్నే అమ్మవారు ప్రత్యక్షమయ్యే సీను. అమ్మవారి వెనకాల పెట్టే ప్రభ మద్రాసు నుంచి లారీలో వచ్చింది, లారీలోంచి దింపుతుంటే కిందపడి ముక్కలైంది. ఒక కొస పట్టుకున్నది బసవపున్నయ్య. ఆర్ట్ డైరెక్టరు పరబ్రహ్మం గారు పేరుకి తగ్గట్టు శాంతమూర్తి అనుకునేరు. ఆయన నోరు విప్పితే సెట్టు మీద ఆరని రంగు ఆరిపోతుంది. ఆ నోరంతా ఇవాళ బసవపున్నయ్య మీద పడింది.

"ఎంతుంటుంది ఆ ప్రభ?" అంది శేషారత్నం.

"నీకెందుకు రత్నం, నన్ను పడుకోనీ."

"చేతులు చాపి చూపించండి."

అతను చాపాడు. ఆవిడ ఆ చేతుల మధ్య ఖాళీని చూసింది, గదిని చూసింది, కిటికీలోంచి బయటికి చూసింది. అరుగు మీద ఎల్లమ్మ ఇడ్లీ పళ్ళాలు తోమి గోడకి ఆనించి ఉన్నాయి. మూతలతో సహా.

"రేపు పొద్దుగాల ఇడ్లీలు ఏడ వెయ్యాలె, నీ నెత్తి మీదనా?" అంది ఎల్లమ్మ, సంగతి విని.

"ఒక్కరోజు దోసెలు వెయ్యండక్కా. అమ్మవారికి కావాలి."

"ఏ అమ్మోరికి?"

"సినిమా అమ్మవారికి."

ఎల్లమ్మ కొంగుతో పళ్ళాలు తుడిచింది. "ఇస్త గని, సినిమాల నా పళ్ళెం కనవడాలె. కనవడకుంటే కిరాయి పెంచుత," అని పళ్ళాలు అందించింది.

నాలుగు పళ్ళాలు చుట్టూ, మూత నడిమధ్య. గరిటెల కాడలు కిరణాలు. సుత్తితో చదును చేసిన సోడా మూతలు అంచు వెంట పూసలు, పగిలిన గాజులు కెంపులు. తళుకు కాగితం అతికించి, వార్నిష్‌లో పసుపు కలిపి పైన ఒక్క పూత పూసేసరికి అల్యూమినియం కాస్తా చిలకలపూడి బంగారమైంది. బసవపున్నయ్య ప్లైవుడ్ కోసి ఇచ్చాడు. అది ఒక్కటే అతను చేసిన పని, అదీ ఆవిడ గీత గీసిచ్చాక.

మర్నాడు సెట్లో పరబ్రహ్మం గారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు. కెమెరామన్ దాని వెనక నుంచి లైటు వేయించాడు. ఇడ్లీ పళ్ళానికి ఆవిరి పోయే చిల్లులుంటాయి కదా, ఆ చిల్లుల్లోంచి వెలుగు దూసుకొచ్చి అమ్మవారి తల చుట్టూ చుక్కలు పరిచింది. ఫ్లోర్ మీద ఉన్న లైట్‌బాయ్ దండం పెట్టుకున్నాడు.

"ఎక్కడ నేర్చుకున్నావోయ్ బసవపున్నయ్యా!" అన్నారు పరబ్రహ్మం గారు.

అతను "మా ఆవిడ" అనడానికే నోరు తెరిచాడు. ఇంతలో చుట్టూ ఉన్నవాళ్ళు వీపు తట్టారు. తెరిచిన నోరు మూసుకుంది, మూసుకున్నది రెండేళ్ళ దాకా తెరుచుకోలేదు. ఇంటికొచ్చి మాత్రం దొంగలా నిలబడి జరిగింది చెప్పాడు. శేషారత్నం ముందు నవ్వింది. తర్వాత పళ్ళాలు ఎలా నిలబెట్టారో అడిగింది. మోసుకెళ్ళేటప్పుడు ఊడిన పళ్ళెం ఒకటి తలకిందులుగా బిగించారని తెలిసి ఒళ్ళు మండింది. తన చేత్తో చేసింది తన చేత్తోనే సెట్లో నిలబెట్టాలి. ఆ పట్టుదల ఆ పూట పట్టుకుంది ఆవిడని, ఇక వదల్లేదు.

భర్తకి కేరియర్ ఇచ్చే వంకతో స్టూడియోకి వెళ్ళి పరబ్రహ్మం గారి ముందు నిలబడింది. బసవపున్నయ్య పరువు తీయకుండా, సాయంగా ఉంటానని మాత్రం అంది.

"ఫ్లోర్ మీద ఆడవాళ్ళా!" అన్నారాయన. "నిచ్చెనలమ్మా, సుత్తులమ్మా, మా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. హీరోయిన్‌కి కుర్చీ వేస్తాం. హెయిర్ డ్రెస్సర్‌కి స్టూలు వేస్తాం. మీకేం వెయ్యమంటారు?"

"నాకేం వెయ్యక్కర్లేదండీ. మేకులు నేనే వేస్తాను."

ఆయనకి నవ్వొచ్చింది. మర్యాదగా గేటు దాకా పంపించారు. ఆ మర్యాద చూసే ఆవిడకి మండిపోయింది.

సినిమా విడుదలైంది, విరగబడి ఆడింది. మొదటి రోజు మాట్నీలో ఎల్లమ్మ సీటు మీద లేచి నిలబడి, "అగో! నా పళ్ళెం! గది నా పళ్ళెమే!" అని అరిస్తే వెనక వరసవాళ్ళు కూర్చోమని కేకలేశారు. కూర్చోలేదు. కిరాయి కూడా పెంచలేదు.

అసలు కథ అప్పుడు మొదలైంది. ఆ సినిమా నిర్మాత త్రినాథరావు గారిది భీమవరం. ఆయన దేవుణ్ణి ఎంత నమ్ముతారో సెంటిమెంటుని అంతకు రెండింతలు నమ్ముతారు. మొదటి హిట్టు రోజు వేసుకున్న చొక్కా ఉతికించకుండా దాచుకున్న మనిషి. ఇడ్లీ పళ్ళెం కనపడ్డ సీన్లోనే హాల్లో ఈలలు మొదలయ్యాయని ఎవరో చెప్పారు. అంతే. ఆయన తరువాతి సినిమా కాలేజీ ప్రేమకథ, దాంట్లో అమ్మవారు లేరు, అయినా పళ్ళెం ఉండాల్సిందే అని పట్టుబట్టారు. ప్రిన్సిపాల్ గదిలో గోడ గడియారం చుట్టూ పెట్టారు. ఆపరేషన్ థియేటర్లో దీపంగా పెట్టారు. పాటలో చందమామ అదే. అదీ హిట్టయింది. పళ్ళాల బసవపున్నయ్య అని అతనికి పేరొచ్చింది. పళ్ళాలన్నీ శేషారత్నమే చేసి పంపింది, ప్రతిదీ సెట్లో ఎక్కడో ఒకచోట వంకరగా బిగించారు, ఆ వంకరలకి పరబ్రహ్మం గారు బసవపున్నయ్యని తిట్టారు, హిట్టయ్యాక మళ్ళీ అతన్నే పొగిడారు. రెండూ అతను తలొంచుకునే పుచ్చుకున్నాడు.

మూడో సినిమా నాటికి చెల్లెలి పురుడని శేషారత్నం బందరు వెళ్ళింది. బసవపున్నయ్య చేసేది లేక కొత్త పళ్ళాలు కొని తనే బిగించాడు. కోర్టు సీన్లో జడ్జిగారి వెనకాల పెడితే, సరిగ్గా తీర్పు చదివే సమయానికి ఒకటి ఊడి జడ్జి వేషగాడి నెత్తిన పడింది. ఆ బొప్పి తగ్గింది గానీ సినిమా లేవలేదు.

త్రినాథరావు గారు బసవపున్నయ్యని పిలిపించి, ఈసారి ఏం తేడా జరిగిందో చెప్పమని నిలదీశారు. స్నానం చేశావా, ఏ కాలు ముందు పెట్టావు, ఎవరెదురొచ్చారు, అన్నీ అడిగారు. చివరికి పాపం అతను చేతులు జోడించి, "మొదటివి మా ఆవిడ చేసిందండీ," అనేశాడు.

"అయితే ఆ చెయ్యి నీది కాదా?" అన్నారు త్రినాథరావు గారు, కుర్చీలోంచి లేచి.

"కాదండీ."

"రెండేళ్ళు మోసం చేశావా!"

"మీరు అడగలేదండీ."

అరగంటలో నిర్మాతగారి తెల్ల అంబాసిడర్ కృష్ణానగర్‌కి బయల్దేరింది. సందు సగం దాకా దూరి ఇరుక్కుంది. ముందుకీ వెళ్ళదు, వెనక్కీ రాదు. డ్రైవరు తలుపు తీసే సందు లేక కిటికీలోంచి బయటికి దూకాడు. డాన్సర్లంతా కలిసి పాటకి లెక్క వేసుకున్నట్టు వన్, టూ, త్రీ, ఫోర్ అంటూ కారుని సందు బయటికి తోశారు. నెలల తర్వాత బందరు నుంచి ఆ రోజే దిగిన శేషారత్నం తల దువ్వుకోకుండానే కారెక్కింది.

ఆ వారమే కొత్త సెట్టుకి ముహూర్తం. త్రినాథరావు గారు సుత్తికి పసుపు రాయించి, బొట్టు పెట్టించి, బంతిపూల దండ వేయించారు. మొదటి మేకు శేషారత్నం కొట్టాలి. పట్టుచీరలో, రెండు చేతులా గాజులతో, ఫ్లోర్ మీద మొట్టమొదటిసారి నిలబడి మేకు కొట్టింది. ఒక్క దెబ్బకి దిగింది. చప్పట్లు మోగాయి. జాకెట్టు గుడ్డా, కొబ్బరికాయా, పళ్ళూ పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. పరబ్రహ్మం గారు కూడా "రండమ్మా, కూర్చోండమ్మా," అన్నారు. ఈసారి కుర్చీ వేశారు. అది ఎక్కి కూర్చున్నంతసేపు ఆవిడ గాల్లో తేలింది. కాఫీ తాగడం పూర్తికాగానే కారు సిద్ధంగా ఉందన్నారు.

అలా ఒక సెట్టు, ఇంకో సెట్టు. త్రినాథరావు గారిని చూసి మిగతా నిర్మాతలూ మొదలుపెట్టారు. జాకెట్టు గుడ్డలు ట్రంకు పెట్టెలో మూత పడనంత అయ్యాయి. కొబ్బరికాయలతో ఎల్లమ్మ బండి మీద చట్నీకి కొదవ లేకుండా పోయింది. "ఇంకేం ఫికర్ రత్నమ్మా, నువ్వు లచ్చిందేవివి అయినవ్," అంది ఎల్లమ్మ కాయ కొడుతూ.

శేషారత్నం గదిలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి ఏడ్చింది. లక్ష్మీదేవి అవుదామని ఎవరేడ్చారు? కారులో తీసుకెళ్తారు, ఒక్క మేకు కొట్టిస్తారు, అదే కారులో దించుతారు. ఆవిడ పళ్ళాలు మళ్ళీ వంకరగానే బిగిస్తున్నారు. గేటు బయట నిలబెట్టినప్పుడు కనీసం పోట్లాడ్డానికి గేటుండేది. ఇప్పుడు దండ వేసి నిలబెడితే ఎవరితో పోట్లాడాలి? ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. కోపంలో నుంచి ఒక ఆలోచన వచ్చింది, అది రాగానే మంచం మీద కూర్చుని ఒక్కతే నవ్వుకుంది. ఏది పారేసి ఉన్నా పనికి తెచ్చుకునే మనిషికి, ఊరంతా పరిచి ఉన్న సెంటిమెంటు ఇన్నాళ్ళూ కంటికి ఆనలేదు, చూశారా!

త్రినాథరావు గారి కొత్త సినిమాకి ఫిల్మ్ నగర్ స్టూడియోలో అద్దాల మహల్ సెట్టు. యథాప్రకారం పంతులుగారు, పసుపు సుత్తి, బంతిపూలు. శేషారత్నం మొదటి మేకు కొట్టింది. చప్పట్లు కొట్టారు. ఆవిడ కొంగు బిగించి రెండో మేకు తీసుకుని కొట్టింది. చప్పట్లు కాస్త తడబడ్డాయి. మూడోది కొట్టింది.

"అమ్మా, చాలు తల్లీ," అన్నారు త్రినాథరావు గారు.

"చాలో లేదో నాకెలా తెలుస్తుందండీ?" అంది శేషారత్నం, నాలుగో మేకు పళ్ళ మధ్య పెట్టుకుని. "అమ్మవారి ప్రభ మొత్తం నేనే కొట్టాను. ఒక్క మేకు కొట్టి వదిలేశానా? అది ఆడింది. మీరిప్పుడు ఒక్క మేకుతో ఆపిస్తున్నారు. మొన్నటి రెండు సినిమాలూ ఎలా ఆడాయి?"

"యావరేజ్," అన్నారాయన. అనగానే ముఖం పాలిపోయింది. "సగం! సెంటిమెంటు సగమే చేయించాం, సగమే ఆడాయి!" అని నెత్తి బాదుకున్నారు. "ఏమయ్యా పరబ్రహ్మం! ఆవిడ చేత మొత్తం చేయించు! చివరి మేకు దాకా!"

పరబ్రహ్మం గారు కళ్ళు మూసుకుని ఏదో అనుకున్నారు. మంత్రం మాత్రం కాదది.

శేషారత్నం నిచ్చెనెక్కింది. కానీ పని అనుకున్నట్టు సాగలేదు. సుత్తి జారితే నలుగురు పరిగెత్తి అందించారు. వంగబోతే "వద్దమ్మా" అన్నారు. కమాను ఒకటి కొంచెం పక్కకి వచ్చిందేమోనని తనే అడిగితే, "మీ చెయ్యి పడిందంటే బాగున్నట్టే అమ్మా," అని దండం పెట్టారు. బసవపున్నయ్య కూడా కిందనుంచి "బ్రహ్మాండం రత్నం," అంటున్నాడు. వీళ్ళని ఎలా దారికి తేవాలో ఆవిడకి తోచలేదు. పంటి కింద ఉన్న మేకు కొరికి, పని చేసుకుంటూ పోయింది. మహల్ గోడ నిండా అద్దాలు అతికించింది.

లైట్లు వెలిగించారు. కెమెరామన్ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని "అబ్బా!" అని వెనక్కి తూలాడు. అద్దాలన్నీ లైట్లని తెచ్చి తిన్నగా కెమెరాలో గుమ్మరిస్తున్నాయి.

పరబ్రహ్మం గారు గోడ చూశారు. ముప్పయ్యేళ్ళ అలవాటు ఒక్క క్షణం ఆగుతుందా! "ఎవరయ్యా ఆ అద్దాలు అతికించింది? బుద్ధుందా? కెమెరా ఎక్కడుందో చూసుకోవద్దా? మంగలి షాపు అనుకున్నారా ఇది? పీకండి!"

త్రినాథరావు గారు గుండె పట్టుకుని కుర్చీలో కూలబడ్డారు. పంతులుగారు కండువా సర్దుకున్నారు. అన్నదేమిటో, ఎవర్నో అప్పటికి తెలిసొచ్చి పరబ్రహ్మం గారు అరచేత్తో నోరు మూసుకున్నారు.

శేషారత్నం నిచ్చెన మీద నుంచి అద్దాలు చూసింది, కెమెరా చూసింది. ఆయన చెప్పింది నిజమే. తప్పు తనదే.

"నిజమేనండీ, చూసుకోలేదు," అంది. "అన్నీ పీకాలా? సబ్బు రాస్తే మెరుపు చావదా?"

పరబ్రహ్మం గారు ఆవిడకేసి చూశారు. ఏడుస్తుందేమోనని చూశారు, ఆవిడ సబ్బు కోసం చూస్తోంది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "కుడి పక్కవాటికి సబ్బు రాస్తే చాలు," అన్నారు. "ఎడమ పక్కవి పీకాల్సిందే. నిలబడి చూస్తావేమ్మా, ఆ నిచ్చెన ఇటు లాక్కురా! సాయంత్రానికి కాకపోతే ఊరుకోను!"

నిచ్చెన లాక్కెళ్తుంటే శేషారత్నానికి నవ్వాగలేదు. అద్దాలు పీకుతూ నవ్వింది, సబ్బు రుద్దుతూ నవ్వింది. కళ్ళల్లో నీళ్ళొస్తే కొంగుతో తుడుచుకుని మళ్ళీ నవ్వింది. సాయంత్రంలోపు ఆయన ఇంకో రెండుసార్లు గట్టిగా తిట్టారు, ఒకసారి జిగురు ఎక్కువైందని, ఒకసారి దారికి అడ్డంగా కూర్చుందని. త్రినాథరావు గారు ప్రతిసారీ గుండె పట్టుకున్నారు, మూడోసారికి మానేశారు.

కారు వద్దంది. బసవపున్నయ్య సైకిల్ వెనక కూర్చుని ఫిల్మ్ నగర్ నుంచి దిగుతుంటే, దారి పొడుగునా పరబ్రహ్మం గారి గొంతుతో ఆ తిట్లన్నీ వరసగా అప్పజెప్పింది. మంగలి షాపు తిట్టు దగ్గరికొచ్చేసరికి నవ్వు ఎక్కువై సైకిల్ ఊగింది.

"తిట్లు తిని ఇంత సంబరమేంటి రత్నం?" అన్నాడు బసవపున్నయ్య, హ్యాండిల్ నిలబెట్టుకుంటూ. "నన్ను రోజూ తిడతారు, నాకెప్పుడూ రాలేదే!"

"ఇన్నాళ్ళూ నా పనికి మిమ్మల్ని తిట్టారండీ," అంది శేషారత్నం. "ఇవాళ నన్ను తిట్టారు."

బసవపున్నయ్య తొక్కడం మర్చిపోయాడు. దిగుడు కాబట్టి సైకిల్ దానంతటదే పోతోంది.